ఊపిరితిత్తులు, వాయువుల మార్పిడి

ఊపిరితిత్తులు ఛాతీలో గుండెకు అటూ ఇటూ ఉండే మెత్తని అవయవాలు. గాలిలోని ఆక్సిజన్‌ను రక్తంలోకి చేర్చడం, రక్తం తెచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదలడం వీటి ప్రధానమైన పని. పెద్దవాళ్లలో రెండూ కలిపి రమారమి కిలో బరువు తూగుతాయి. కుడివైపు దానికి మూడు తమ్మెలు, ఎడమవైపు దానికి రెండే. గుండె ఎడమకు ఒరిగి ఉండటంతో ఆ పక్కన చోటు తక్కువ.

విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తాడు. ఒక్కోసారి లోపలికి వెళ్లేది దాదాపు అర లీటరు గాలి. నిమిషానికి 15 చొప్పున లెక్క కడితే రోజుకు 21,600 శ్వాసలు. యోగ గ్రంథాలు అజపాజపానికి చెప్పే సంఖ్యా ఇదే. అంటే పదివేల లీటర్ల పైచిలుకు గాలి రోజూ లోపలికి వెళ్లి వస్తోంది. ఇంత రాకపోకల మధ్య ఆక్సిజన్‌ను పట్టి రక్తంలోకి తోసే ఏర్పాటు మాత్రం ఊపిరితిత్తుల్లో ఎక్కడా లేదు. పేగులు గ్లూకోజును, మూత్రపిండాలు ఉప్పును శక్తి ఖర్చుపెట్టి లాక్కుంటాయి. ఇక్కడ అలాంటి లాగుడూ తోపుడూ ఉండవు. ఒత్తిడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వాయువు తనంతట తానే పోతుంది. దీన్ని వ్యాపనం అంటారు. ఒకపక్క గాలిని, మరోపక్క రక్తాన్ని ఎప్పటికప్పుడు మారుస్తూ ఆ ఒత్తిడి తేడా చెరిగిపోకుండా చూసుకోవడమే శరీరం పడే పాటు. ఊపిరితిత్తుల నిర్మాణమూ, వాటికొచ్చే జబ్బుల్లో చాలా భాగమూ ఈ ఒక్క సంగతి పట్టుకుంటే బోధపడతాయి.

గాలి వెళ్లే దారి

ముక్కు గాలిని వడపోసి, వెచ్చబరిచి, తడిపి పంపుతుంది. లోపలి గొట్టాల్లోకి చేరేసరికి అది ఒంటి వేడికి వచ్చి నీటి ఆవిరితో నిండి ఉంటుంది. గొంతులో గాలి దారీ తిండి దారీ ఒకచోట కలుస్తాయి. మింగేటప్పుడు ఉపజిహ్విక అనే మూత స్వరపేటిక మీదికి వాలి గాలి దారిని కప్పుతుంది. మాట్లాడుతూనో నవ్వుతూనో తింటే ఆ మూత పడటంలో లిప్తపాటు తేడా వచ్చి మెతుకు అటు పోతుంది. పొలమారడమంటే ఇదే. ఎవరో తలుచుకుంటున్నారంటూ ఇంట్లోవాళ్లు నెత్తిన తట్టేలోపు దగ్గు తన పని తాను చేసేస్తుంది.

స్వరపేటిక కింద 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవున శ్వాసనాళం ఉంటుంది. దాని గోడలోని మృదులాస్థి కట్లు ముందువైపే ఉంటాయి, వెనకవైపు పూర్తిగా కలవవు. వెనకే ఉన్న ఆహారనాళంలో ముద్ద దిగేటప్పుడు కాస్త చోటివ్వడానికి అది వీలు. ఛాతీలోకి వచ్చాక శ్వాసనాళం రెండుగా చీలుతుంది. కుడి కొమ్మ కొంచెం వెడల్పు, కొంచెం నిటారు. పొరపాటున జారిన వేరుశనగ గింజా చింతపిక్కా ఎక్కువగా కుడి ఊపిరితిత్తిలోనే దొరకడానికి కారణం అదే.

అక్కడి నుంచి ప్రతి గొట్టమూ రెండేసిగా చీలుతూ పోతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఎవాల్డ్ వైబెల్ 1963లో ప్రచురించిన కొలతల ప్రకారం శ్వాసనాళం మొదలు చివరి గాలి సంచుల దాకా 23 తరాల చీలికలున్నాయి. వాటిలో మొదటి 16 తరాలు ఉత్త దారి. అక్కడ రక్తంతో ఇచ్చిపుచ్చుకోవడం ఏమీ జరగదు. పెద్దవాళ్లలో ఈ దారి పట్టే గాలి సుమారు 150 మిల్లీలీటర్లు. పీల్చిన అర లీటరులో ఆ మేరకు దారిలోనే ఆగి, ఏ పనీ చేయకుండా నిశ్వాసంతో తిరిగిపోతుంది. వైద్యులు దీన్ని మృత స్థలం అంటారు.

చూడటానికి చిన్న సంఖ్యే గానీ దీని ప్రభావం పెద్దది. నిమిషానికి ఆరు లీటర్ల గాలిని మూడు రకాలుగా పీల్చవచ్చు. అర లీటరు చొప్పున 12 సార్లు పీలిస్తే దారిలో వృథా అయ్యేది 1.8 లీటర్లు, మార్పిడికి మిగిలేది 4.2 లీటర్లు. అదే గాలిని పావు లీటరు చొప్పున 24 సార్లు పైపైన పీలిస్తే 3.6 లీటర్లు వృథా అయి 2.4 లీటర్లే మిగులుతాయి. లీటరు చొప్పున నిదానంగా ఆరుసార్లు పీలిస్తే 5.1 లీటర్లు అక్కరకొస్తాయి. ప్రాణాయామానికి చెప్పే ప్రయోజనాలన్నిటికీ శరీరధర్మశాస్త్రం పూచీ పడదు కానీ, నిదానంగా, నిండుగా పీల్చే ఊపిరి లాభసాటి అన్న మాటకు ఈ కూడికలూ తీసివేతలే సాక్ష్యం. జబ్బుపడి పైపైన రొప్పుతున్న మనిషి ఎంత శ్రమపడుతున్నా ఆక్సిజన్ ఎందుకు చాలడం లేదో కూడా ఇక్కడే తెలుస్తుంది.

గొట్టాల లోపలి గోడంతా పల్చటి శ్లేష్మం పూత. దాని అడుగున శైలికలనే సూక్ష్మమైన నూగు ఒకే లయలో కొట్టుకుంటూ దుమ్మునూ క్రిములనూ గొంతువైపుకి ఎగదోస్తుంది. మనం గమనించకుండానే రోజంతా ఆ శ్లేష్మాన్ని మింగేస్తూ ఉంటాం. సిగరెట్ పొగ శైలికలను మొద్దుబారుస్తుంది. పొగతాగేవాళ్లకు తెల్లవారగానే కఫంతో దగ్గు తెరలు రావడం దాని ఫలితం.

ఛాతీ కదలిక

ఊపిరితిత్తులు తమంతట తాము విచ్చుకోలేవు. వాటిని సాగదీసేది కింద ఉన్న ఉదర వితానం, పక్కటెముకల మధ్య కండరాలు. మామూలు శ్వాసలో పనిలో ముప్పాతిక వంతు ఉదర వితానానిదే. గుమ్మటంలా పైకి ఉబ్బి ఉండే ఈ కండరం ముడుచుకున్నప్పుడు కిందికి దిగుతుంది. మామూలుగా ఒకటిన్నర సెంటీమీటర్లు, నిండుగా పీలిస్తే పది సెంటీమీటర్ల దాకా దిగుతుంది. ఛాతీ గది పెద్దదై లోపలి ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గుదల పాదరసం లెక్కలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే. అంత చిన్న తేడాకే బయటి గాలి లోపలికి వచ్చేస్తుంది. ఈ కండరమే అదుపు తప్పి ఉలిక్కిపడ్డట్టు ముడుచుకుంటే ఎక్కిళ్లు.

ఊపిరి వదలడానికి మామూలుగా కండరాల పని అవసరం లేదు. సాగిన ఊపిరితిత్తి తన స్థితిస్థాపకత వల్ల తానే వెనక్కి ముడుచుకుంటుంది. దగ్గినప్పుడు, బూర ఊదినప్పుడు, పరుగెత్తినప్పుడు మాత్రం పొట్ట కండరాలు కలిసొస్తాయి. ఊపిరితిత్తిని ఛాతీ గోడకు అంటిపెట్టుకుని ఉండేలా చేసేది రెండు పల్చటి పొరలూ, వాటి మధ్యనున్న కాస్త ద్రవమూ. ఆ పొరల మధ్య ఒత్తిడి ఎప్పుడూ బయటి గాలికంటే కొంచెం తక్కువ. కత్తిపోటుతోనో, విరిగిన పక్కటెముక గుచ్చుకునో అక్కడికి గాలి చొరబడితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది.

ఇంగ్లండు వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లో స్పైరోమీటరుతో రెండు వేల మందికి పైగా ఊపిరి కొలిచాడు. నిండా పీల్చి నిండా వదిలితే వచ్చే గాలి మనిషి ఎత్తుతో పాటు పెరుగుతుందని గమనించాడు. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లలో అది నాలుగున్నర లీటర్ల వరకూ ఉంటుంది. ఎంత గట్టిగా ఊది వదిలినా లోపల లీటరు పైన గాలి మిగిలే ఉంటుంది. మామూలుగా ఊపిరి వదిలాక మిగిలేది రెండు లీటర్ల పైమాటే. కొత్తగా వచ్చే గాలి దాన్లో కలిసేది ఏడో వంతు కావడంతో లోపలి గాలి కూర్పు ఊపిరి ఊపిరికీ పెద్దగా మారదు. రక్తం ఎప్పుడొచ్చినా దానికి ఒకే రకమైన గాలి ఎదురవుతుంది.

వాయుగోణులు

వాయుగోణి దాదాపు 0.2 మిల్లీమీటర్ల వ్యాసమున్న గాలి సంచి. రెండు ఊపిరితిత్తుల్లో ఇవి 30 కోట్లని వైబెల్ అంచనా. 2004లో వెలువడిన లెక్కింపులో సగటు 48 కోట్లకు చేరింది. వీటి గోడలన్నీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లకు తక్కువ కాదు. హైదరాబాదులో ఒక చిన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు నేలంత. ఏ క్షణంలోనైనా ఆ నేల మీద పరుచుకుని ఉండే రక్తం 70 నుంచి 100 మిల్లీలీటర్లే. గాలికీ రక్తానికీ మధ్య అడ్డుగోడ మందం పల్చటి చోట్ల మైక్రాన్‌లో మూడో వంతు ఉంటుంది. వైశాల్యం ఇంత ఎక్కువ, మందం ఇంత తక్కువ కాబట్టే ఏ తోపుడూ లేని వ్యాపనం ఒక మనిషిని బతికించడానికి సరిపోతోంది.

రక్తం గుండె కుడి జఠరిక నుంచి పుపుస ధమని ద్వారా వచ్చి, కేశనాళికల గుండా పారి, పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు చేరుతుంది. గుండె నడిమి గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయనీ, రక్తం వాటిగుండానే అటు వెళ్తుందనీ ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పిన మాట వెయ్యేళ్లకు పైగా చెల్లింది. ఆ రంధ్రాలు లేవనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే వెళ్తుందనీ కైరోలో ఇబ్న్ అల్ నఫీస్ 13వ శతాబ్దంలోనే రాశాడు. ఆ దారిలోని చివరి ముక్క మాత్రం కంటికి అందలేదు. రక్తప్రసరణను 1628లో నిరూపించిన విలియం హార్వీ కూడా ధమనుల నుంచి సిరల్లోకి రక్తం ఎలా దాటుతుందో చూడలేకపోయాడు. 1661లో ఇటలీలో మార్సెల్లో మాల్పీగి కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి కేశనాళికలను చూశాడు. అప్పటికి హార్వీ చనిపోయి నాలుగేళ్లయింది.

వాయుగోణుల లోపలి తడి వల్ల ఒక చిక్కుంది. నీటి తలతన్యత ప్రతి సంచినీ లోపలికి నొక్కేస్తుంది. సంచి ఎంత చిన్నదైతే నొక్కుడు అంత ఎక్కువ. దీన్ని తట్టుకోవడానికి గోడల్లోని ఒక రకం కణాలు సర్ఫాక్టెంట్ అనే కొవ్వు పదార్థాన్ని స్రవించి తలతన్యతను తగ్గిస్తాయి. గర్భంలో బిడ్డకు ఇది తగినంతగా సమకూరేది సుమారు 34, 35 వారాలకు. అంతకు ముందే పుట్టిన పిల్లలు కొందరు ప్రతి ఊపిరికీ మూసుకుపోయిన సంచులను మళ్లీ తెరవలేక అలసిపోతారు. ఆ పిల్లల ఊపిరితిత్తుల్లో లోపించింది సర్ఫాక్టెంటేనని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ తేల్చారు. కారణం తెలిసినా మందు రాలేదు. 1963 ఆగస్టులో అధ్యక్షుడు కెనడీ కొడుకు ప్యాట్రిక్ అయిదున్నర వారాలు ముందు పుట్టి, రెండు రోజులు నిండకుండానే ఈ జబ్బుతో చనిపోయాడు. 1980లో జపాన్ వైద్యుడు తెత్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పసికందుల శ్వాసనాళంలోకి పోసి ఫలితం సాధించాడు. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉంటే తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చేది కూడా ఈ పదార్థం త్వరగా తయారు కావడానికే.

ఒత్తిడి తేడా

సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. అందులో ఆక్సిజన్ 20.93 శాతం కనుక దాని పాక్షిక పీడనం 159. ముక్కులో నీటి ఆవిరి చేరాక అది 149కి, వాయుగోణుల్లో కార్బన్ డయాక్సైడ్‌తో కలిశాక 100కి దిగుతుంది. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తంలో అది 40. ఈ 60 మిల్లీమీటర్ల తేడాయే ఆక్సిజన్‌ను రక్తంలోకి దింపుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కు రక్తంలో 45, వాయుగోణిలో 40. తేడా అయిదే అయినా ఆ వాయువు ఆక్సిజన్ కంటే 20 రెట్లు తేలిగ్గా పొరను దాటుతుంది కాబట్టి సరిపోతుంది.

ఒక ఎర్రరక్త కణం కేశనాళికలో ఉండేది సెకనులో ముప్పాతిక వంతు. మొదటి పావు సెకనులోనే దాని పని పూర్తవుతుంది. మిగిలిన వ్యవధి మిగులు. పరుగు పందెంలో రక్తం వేగం పెరిగి ఆ మిగులంతా కరిగిపోయినా, ఆరోగ్యవంతుడి రక్తం నిండుగానే బయటపడుతుంది. అదే పొర మందమెక్కిన జబ్బుమనిషి కూర్చున్నంతసేపూ బాగానే ఉండి నాలుగు మెట్లెక్కగానే ఆయాసపడతాడు.

వదిలిన గాలిలో ఉత్త కార్బన్ డయాక్సైడే ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో అది నాలుగు శాతమే, ఆక్సిజన్ ఇంకా 16 శాతం ఉంటుంది. నీట మునిగిన వాడి నోట్లోకి నోటితో ఊదినా ప్రాణం నిలబడే అవకాశం ఉండటానికి కారణం ఇదే.

గాలి తగిలే చోటికే రక్తమూ పారాలి. ఒక మూల కఫం అడ్డుపడి గాలి చేరకపోతే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని రక్తాన్ని గాలి ఆడే చోటికి మళ్లిస్తాయి. శరీరంలో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే నాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో తీరు దీనికి తలకిందులు. ఈ సంగతిని స్వీడన్‌లో ఫన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ 1946లో వెల్లడించారు. నిలబడ్డ మనిషిలో బరువు కొద్దీ రక్తం అడుగుభాగానికి ఎక్కువగా పారుతుంది, పైభాగంలో రక్తం తక్కువై ఆక్సిజన్ పీడనం ఎక్కువగా ఉంటుంది. క్షయ క్రిములు పై తమ్మెల్లో ఎక్కువగా పాగా వేయడానికి ఇదొక కారణమని చెబుతారు.

కోపెన్‌హాగన్ వాదం

వ్యాపనం ఒక్కటే చాలునన్న మాట అంత తేలిగ్గా నెగ్గలేదు. 1900 ప్రాంతాల్లో డెన్మార్క్‌లో క్రిస్టియన్ బోర్ (భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ తండ్రి), బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ ఇద్దరూ ఊపిరితిత్తులు ఒక గ్రంథిలా ఆక్సిజన్‌ను రక్తంలోకి స్రవిస్తాయని నమ్మారు. వాళ్ల కొలతల్లో కొన్నిసార్లు ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనం వాయుగోణుల్లో కంటే ఎక్కువ కనిపించింది. అదే నిజమైతే వ్యాపనంతో పొసగదు, నీళ్లు ఎత్తుకు పారవు కదా.

బోర్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఆగస్ట్ క్రోగ్, అతని భార్య డాక్టర్ మేరీ క్రోగ్ ఈ కొలతలనే అనుమానించారు. రక్తప్రవాహంలో చిన్న గాలి బుడగను నిలిపి, అది రక్తంతో సమతుల్యానికి వచ్చాక అందులోని వాయువులను విశ్లేషించే పరికరం తయారుచేశారు. బుడగ ఎంత చిన్నదైతే అంత త్వరగా సమతుల్యానికి వస్తుంది, పొరపాటుకు అంత తక్కువ సందు. ఏ ప్రయోగంలోనూ రక్తంలోని ఆక్సిజన్ పీడనం వాయుగోణుల పీడనాన్ని మించలేదు. 1910లో వరసగా వ్యాసాలు ప్రచురించి గురువు సిద్ధాంతాన్ని కాదన్నారు. బోర్‌తో స్నేహం దెబ్బతింది, మరుసటి ఏడే ఆయన చనిపోయాడు.

హాల్డేన్ మాత్రం ఒప్పుకోలేదు. ఎత్తైన చోట్లలోనైనా స్రావం జరుగుతుందని 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ శిఖరం మీద ప్రయోగాలు చేశాడు. దాన్ని తేల్చడానికి కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ 1920లో ఆరు రోజులు గాజు గదిలో, క్రమంగా ఆక్సిజన్ తగ్గించిన గాలిలో ఉండి, చివర్లో చేతి ధమని కోయించుకుని రక్తం ఇచ్చాడు. గాలిలో కంటే రక్తంలో పీడనం ఎక్కువ కాలేదు. హాల్డేన్ 1936లో చనిపోయేదాకా తన నమ్మకం వదులుకోలేదు. అంతటి ప్రయోగశీలి అంత మొండిగా నిలబడటం విడ్డూరమే కానీ, ఆయన పట్టుదల లేకపోతే ఇన్ని కచ్చితమైన కొలతలు పుట్టేవి కావేమో. మేరీ క్రోగ్ 1915లో ప్రచురించిన కార్బన్ మోనాక్సైడ్ పద్ధతి మాత్రం నేటికీ ఆసుపత్రుల్లో వాయు మార్పిడి సామర్థ్యాన్ని కొలిచే పరీక్షకు మూలం.

హీమోగ్లోబిన్, వేలికి పెట్టే క్లిప్పు

ఆక్సిజన్ నీటిలో కరిగేది చాలా తక్కువ. 100 మిల్లీలీటర్ల రక్తపు ద్రవంలో 0.3 మిల్లీలీటర్లు. మనిషికి కూర్చున్నా నిమిషానికి 250 మిల్లీలీటర్లు కావాలి. కరిగిన ఆక్సిజన్ మీదే ఆధారపడితే గుండె నిమిషానికి 80 లీటర్లకు పైగా రక్తం తోడాల్సి వచ్చేది. అది తోడేది అయిదు లీటర్లు. ఎర్రరక్త కణాల్లోని హీమోగ్లోబిన్ వల్ల అదే 100 మిల్లీలీటర్ల రక్తం 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. ఆక్సిజన్‌ను పట్టేయడం వల్ల అది ద్రవంలోని పీడనాన్ని పెరగనివ్వదు, ఆ విధంగా ఒత్తిడి తేడా ఎక్కువసేపు నిలుస్తుంది.

హీమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప స్థానాలుంటాయి. ఒకదాన్లో ఆక్సిజన్ చేరితే మిగతావాటికి పట్టు పెరుగుతుంది. అందుకే దాని సంతృప్తత గీత సరళంగా పోక మెలి తిరుగుతుంది. పీడనం 100 ఉన్నప్పుడు 97, 98 శాతం నిండి ఉంటుంది. 60కి పడిపోయినా ఇంకా 90 శాతం. అక్కడి నుంచి గీత ఏటవాలుగా జారుతుంది: 40 దగ్గర 75 శాతం, 27 దగ్గర సగం.

2020, 2021 కరోనా రోజుల్లో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సిమీటరు ఈ గీతనే చూపించింది. వేలి ఒకపక్క నుంచి ఎర్ర కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపి, అవతలి పక్క ఎంత చేరిందో చూస్తుంది. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ ఎర్ర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, ఆక్సిజన్ ఉన్నది పరారుణాన్ని. నాడి కొట్టినప్పుడల్లా మారే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ధమని రక్తం సంగతి తెలుస్తుంది. ఈ కిటుకు 1970లలో జపాన్ ఇంజనీరు తాకువో అవోయాగిది. 98 నుంచి 94కి దిగితే నాలుగు అంకెలే తగ్గాయనిపిస్తుంది గానీ అప్పటికే రక్తంలోని పీడనం బాగా పడిపోయి ఉంటుంది. 90 దాటాక జారుడు మొదలవుతుంది, అక్కడ ప్రతి అంకే ఖరీదైనది.

ఈ క్లిప్పును నమ్మకూడని సందర్భం ఒకటుంది. కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. గాలి ఆడని బాత్‌రూములో గ్యాస్ గీజరు వల్లనో, తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి వల్లనో స్పృహ తప్పిన మనిషి వేలికి పెడితే అది రెండిటికీ తేడా తెలియక మంచి అంకెనే చూపిస్తుంది.

కార్బన్ డయాక్సైడ్, ఊపిరి అదుపు

కణాలు నిమిషానికి 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. దాన్లో దాదాపు 70 శాతం ఎర్రరక్త కణాల్లోని కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము సాయంతో బైకార్బనేటుగా మారి ప్రయాణిస్తుంది, కొంత హీమోగ్లోబిన్‌కు అంటుకుని, మిగిలింది కరిగి. ఊపిరితిత్తుల్లో అంతా వెనక్కి తిరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న చోట హీమోగ్లోబిన్ పట్టు సడలి ఆక్సిజన్‌ను వదులుతుందని బోర్ 1904లో చూపించాడు. స్రావం విషయంలో పొరబడినా ఈ ఫలితానికి ఆయన పేరే నిలిచింది.

ఊపిరి లయ మెదడు అడుగున మజ్జాముఖంలో పుడుతుంది. ఎంత గాలి కావాలో చెప్పేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్. హాల్డేన్, ప్రీస్ట్లీ 1905లో ఈ సంగతి రుజువు చేశారు. వాయుగోణుల్లో దాని పీడనం ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగినా శ్వాస జోరందుకుంటుంది. ఆక్సిజన్ తగ్గుదలను మెడ ధమనుల దగ్గరి గ్రాహకాలు పసిగడతాయి. అయితే అది 60 దాకా పడితే గానీ అవి గట్టిగా హెచ్చరించవు. గ్రాహకాల పాత్రను తేల్చినందుకు బెల్జియంకు చెందిన కోర్నీల్ హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది.

ఊపిరి బిగబడితే ఉక్కిరిబిక్కిరయ్యేది పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ వల్ల. బావిలోనో చెరువులోనో ఎంతసేపు మునిగి ఉంటావో చూద్దామని పందెం వేసుకున్న పిల్లలు దూకబోయే ముందు గబగబా ఊపిరి తీసి వదులుతారు. దానివల్ల ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తుడిచిపెట్టుకుపోతుంది. పైకి రావాలన్న తహతహ పుట్టకముందే ఆక్సిజన్ అడుగంటి నీళ్లలోనే స్పృహ పోతుంది. ఈతలో ఆరితేరిన వాళ్లు కూడా ఇలా ప్రాణాలు పోగొట్టుకుంటారు.

ఎత్తైన చోట్ల

కొండెక్కితే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు, మొత్తం పీడనం తగ్గుతుంది. ఎవరెస్టు శిఖరం మీద 1981లో కొలిచిన పీడనం 253 మిల్లీమీటర్లు. నీటి ఆవిరి వాటా 47 పోను పీల్చిన గాలిలో ఆక్సిజన్‌కు మిగిలేది 43. రొప్పి రొప్పి కార్బన్ డయాక్సైడ్‌ను బాగా తగ్గించుకుంటే గానీ వాయుగోణుల్లో ఆక్సిజన్‌కు చోటు దొరకదు. 1978లో రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హబేలర్ సిలిండర్లు లేకుండా అక్కడికి చేరేదాకా అది సాధ్యం కాదన్న వైద్యులే ఎక్కువ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఆ శిఖరం ఎక్కింది.

జబ్బులు

పొగవల్ల వచ్చే ఎంఫసీమాలో వాయుగోణుల మధ్య గోడలు తెగిపోయి వైశాల్యం తగ్గుతుంది. ఫైబ్రోసిస్‌లో పొర మందమెక్కుతుంది. న్యుమోనియాలో సంచులు ద్రవంతో నిండి గాలి చేరదు. పసిపిల్లలు డొక్కలెగరేస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. బీడీ ముట్టని ఆడవాళ్లకూ దీర్ఘకాలిక శ్వాసనాళ జబ్బు రావడానికి ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చోవడం పెద్ద కారణం. పలుగురాయి పొడిచేసే మిల్లుల్లో, రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్లకు సిలికోసిస్ వస్తుంది. అయిదు మైక్రాన్ల కంటే సన్నని రజను శైలికల కాపలా దాటి వాయుగోణుల దాకా పోతుంది. దాన్ని మింగిన రక్షక కణాలు చచ్చిపోయి అక్కడ గట్టి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ పోగొట్టే మందు లేదు.

క్షయకు మందులు రాకముందు విశ్రాంతి, గాలి, తిండి తప్ప చికిత్స లేదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన శానిటోరియం ఆ కాలపు సంస్థ. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చాక శానిటోరియాల అవసరం క్రమంగా తీరిపోయింది.

ఉబ్బసంలో వాయుగోణులు బాగానే ఉంటాయి, అక్కడికి వెళ్లే సన్న గొట్టాలు ముడుచుకుంటాయి. గాలి తీసుకోవడం కంటే వదలడమే కష్టమై పిల్లికూతలు వినిపిస్తాయి. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఏటా వేలమంది బారులు తీరుతారు, కానీ దాని గుణం శాస్త్రీయంగా రుజువు కాలేదు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని దాన్ని వాడటానికి జంకేవాళ్లూ తక్కువ కాదు. మాత్ర మింగితే మందు ఒళ్లంతా తిరగాలి, ఇన్‌హేలరులో మైక్రోగ్రాముల మోతాదు నేరుగా ముడుచుకున్న గొట్టానికే చేరుతుంది.

కృత్రిమ ఊపిరితిత్తి

1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించి విజయవంతంగా గుండె ఆపరేషన్ చేశాడు. వారాలకొద్దీ ఆ పని చేయగల రూపమే ఎక్మో. 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం చికిత్స వార్తలతో ఆ మాట తెలుగు ఇళ్లలోకి వచ్చింది. పెద్ద సిర నుంచి తీసిన రక్తాన్ని సన్నని బోలు ప్లాస్టిక్ దారాల కట్ట చుట్టూ పారిస్తారు, దారాల లోపల ఆక్సిజన్ పారుతుంది. ఆ పొర వైశాల్యం దాదాపు రెండు చదరపు మీటర్లు, మందం వాయుగోణి గోడ కంటే చాలా ఎక్కువ. ఈ లోటును ఒత్తిడి తేడాతో పూడుస్తారు. వాయుగోణిలో 100 ఉండే ఆక్సిజన్ పీడనం ఇక్కడ శుద్ధమైన ఆక్సిజన్ వాడితే 700 దాటుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎంత తీయాలన్నది దారాల్లోంచి గాలి పారే వేగాన్ని పెంచి తగ్గించి అదుపు చేస్తారు. ప్లాస్టిక్‌ను తాకిన రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కిస్తూ ఉండాలి. ఎక్మో మీదున్న రోగులకు రక్తస్రావం ప్రధానమైన గండం కావడానికి కారణం అదే.